సన్నజాజి అక్షరాలు, ముత్తమ్మ మందుల పెట్టె

అక్షరాలు గీసే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను కలిస్తే మొదట అడిగేది ఒకటే. "మేడం, సన్నజాజి మీరే గీసిన్రంట గదా?" అవ్ అంటాను. వెంటనే వాళ్ళ ఇంటి చరిత్ర మొదలవుతుంది. అక్క పెళ్ళి పత్రిక ఆ అక్షరాల్లోనే, బావ గృహప్రవేశం ఆ అక్షరాల్లోనే, తాతయ్య దశదినకర్మ కార్డు కూడా వాటిలోనే. ఆ తాతయ్య బతికుండగా వాటిని చదవగలిగాడో లేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ సన్నటి, పక్కకు వాలిన అక్షరాల వల్ల ఒక ఆడమనిషికి చదువు రాదని నలుగురిలో తేలిపోయింది. వాటిని గీసిన నేను ఆమెకు నాలుగు బారల దూరంలోనే కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు. ఈ సంగతి ఎవరూ అడగరు కనుక నేనే రాసి పెడుతున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, శాలువా ఎవరు కప్పారో రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు.

బస్సులో పోయేవాడి కోసం

నా పేరు సుగుణ. మాది పాల్వంచ. మా నాన్న గోడల మీద అక్షరాలు రాసే పెయింటరు. కాలనీల్లో క్వార్టర్ల నంబర్లు, బజారులో షాపుల బోర్డులు, మా చర్చి గోడ మీద ఏటా కొత్త సంవత్సరం నాటి బైబిలు వాక్యం, అన్నీ ఆయన చేతివే. షిఫ్టు దిగి బస్సెక్కిన మనిషి నిద్రకళ్ళతో చూసినా చదవగలగాలని ఆయన పట్టుదల.

"బస్సుల పోయేటోడు చదవాలె బిడ్డా," అనేవాడు. "ఆగి చూసేటోని కోసం రాస్తే అది బోర్డు కాదు, బొమ్మ."

నేను ఆ మాటను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. తండ్రి మాట విలువ తెలియాలంటే ఒక్కసారైనా బోర్లా పడాలి కదా.

ఖమ్మంలో ప్రెస్సులో చేరినప్పుడు నా పని సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరసలో పేర్చడం. అవి అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. వాటినే చదివీ చదివీ, ఇంటికి పోయాక తిన్నగా ఉన్న పేపరు చదవడానికి ఇబ్బంది పడేదాన్ని. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. సీసాన్ని తూకానికి అమ్మేశారు. నాతో పనిచేసినవాళ్ళు చాలామంది ఇంటికి పోయారు. నాన్న పక్కన కూర్చుని గీత గీయడం నేర్చుకున్నాను కాబట్టి నేను మిగిలాను.

మా యజమాని శేషగిరిరావు గారు. వాళ్ళ కుటుంబం కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర పొలాలు కొని స్థిరపడింది. అన్నదమ్ములు మిరప పండిస్తే ఈయన పెళ్ళి పత్రికలు పండించారు. మంచి మనిషే. ఎండలో పడి వస్తే ముందు మజ్జిగ ఇప్పించి ఆ తర్వాతే పని చెప్పేవారు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, మా ప్రెస్సు కాగితం చూసి విజయవాడ వాళ్ళు ముక్కున వేలేసుకోవాలి. వాళ్ళు వేలేసుకున్నారని వచ్చి చెప్పినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు.

వాలడం అలవాటు లేని అక్షరం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకరోజు ఆయన హైదరాబాదు నుంచి ఒక ఇంగ్లీషు శుభలేఖ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అక్షరాలు వెంట్రుకంత సన్నం. చివర్లలో ముక్కులు, తోకలు లేవు. మొదలు నుంచి తుది దాకా గీత ఒకే మందం. అన్నీ కుడిపక్కకు రవ్వంత వాలి ఉన్నాయి.

"ఇట్లాంటిది తెలుగులో కావాలి సుగుణమ్మా. చూడగానే గాలికి కదిలినట్టుండాలి."

"తెలుగు అక్షరం గుండ్రం గద సార్. వంచితే పడిపోతదేమో."

"పడిపోకుండా వాల్చడానికే కదమ్మా నువ్వున్నది."

మొదట బద్ధకస్తుల దారి పట్టాను. కంప్యూటర్లో ఒక బటన్ నొక్కితే ఉన్న అక్షరాలన్నీ ఒక్కసారే పక్కకు వాలిపోతాయి. వాలాయి. సున్న కోడిగుడ్డయింది. తలకట్టు అసలే కుడికి లేచి ఉంటుంది, ఇంకా వాల్చేసరికి పోయి పక్క అక్షరం నెత్తిన పడుకుంది. కింద ఉండే ఒత్తులది దీనికి ఉల్టా. పైభాగం కుడికి పోతే కిందిభాగం ఎడమకు పోతుంది. దాంతో ప్రతి ఒత్తూ తన అక్షరాన్ని వదిలేసి ముందున్న అక్షరం కిందికి చేరింది.

ఇక లాభం లేదని బటర్ పేపర్ మీద ఒక్కొక్కటీ చేత్తో గీయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు వాళ్ళు ఇరవై ఆరు గీసి చేతులు కడుక్కుంటారు. నేను గుణింతాలు, ఒత్తులు అన్నీ ముగించి లేచేసరికి ఎనిమిది నెలలు పట్టింది. సున్నను మళ్ళీ గుండ్రం చేశాను. తలకట్టును పైకి లేపాను. ఒత్తుల దగ్గర మాత్రం ఒక కక్కుర్తి పని చేశాను. వాటిని పూర్తిగా తమ అక్షరం కిందికి లాగితే వరస నడక దెబ్బతింటోంది, వాలు తెగినట్టు కనిపిస్తోంది. అందుకని అందం కోసం కొంచెం ఎడమకే వదిలేశాను. బరువుగా కనబడకుండా సైజు కూడా తగ్గించాను. చదివేవాళ్ళు సర్దుకుంటారులే అనుకున్నాను.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఈ వృత్తిలో చెడ్డ పని ఏది జరిగినా దాని వెనకాల "చదివేవాళ్ళు సర్దుకుంటారులే" ఉంటుంది.

మొదటి కాగితం ప్రింటు తీసినప్పుడు శేషగిరిరావు గారు దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత "సన్నజాజి" అన్నారు. పేరు అదే నిలిచింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషాన్ని దాచడం ఎందుకు, ఇంటికి పోతూ కిలో జిలేబీ కొన్నాను.

ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాం

పెళ్ళి పత్రికకు సన్నజాజి బాగుంటుంది. ఈ మాట ఇప్పటికీ అంటాను. ఎందుకంటే పెళ్ళి పత్రికను ఎవరూ చదవరు. తేదీ చూస్తారు, ఫంక్షన్ హాలు చూస్తారు, ఆహ్వానించేవారిలో తమ పేరు ఉందో లేదో చూసి, లేకపోతే పెళ్ళికి పోవడం మానేస్తారు. మిగతాదంతా అందరికీ ముందే తెలుసు. తెలిసిన మాటకు ఏ అక్షరమైనా సరిపోతుంది.

ఒక పెద్దావిడ మాత్రం గొడవకు వచ్చింది. పత్రిక మూలలకు తడి పసుపు పెడితే మూలనున్న ముహూర్తం కనబడకుండా పోయిందట. "అక్షరాలు లావుగున్నప్పుడు పసుపు పెట్టినా కనపడేది గదయ్యా," అంది. శేషగిరిరావు గారు వినయంగా, "పసుపు కొంచెం తగ్గించండమ్మా," అన్నారు. అక్షరం మారదు, ఆచారమే మారాలి. మా ధీమా అట్లా ఉండేది.

తర్వాత సన్నజాజి ఊరి మీద పడింది. పాల్వంచలో టైర్ల షాపాయన దాన్ని బోర్డుకు పెట్టుకున్నాడు. లారీ డ్రైవర్లకు అక్కడ టైర్లు అమ్ముతారో మల్లెపూలు అమ్ముతారో తెలియలేదు. అప్పటికి చేతులు వణుకుతున్న మా నాన్న ఆ బోర్డు చూసి, "ఏంది బిడ్డా, దీనికి జరమొచ్చిందా?" అన్నాడు. మా చర్చి పాటల పుస్తకం కూడా దానిలోనే వేశాం. ముసలివాళ్ళు ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. వాళ్ళకు పాటలన్నీ నోటికి వచ్చు. పుస్తకం పట్టుకోవడం మర్యాద కోసమే.

ఇన్ని చోట్ల నాకు హెచ్చరిక అందింది. నేను నవ్వుకుని ఊరుకున్నాను.

"ఈ ఒత్తు ఎవరిది సారూ?"

భద్రాచలంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉండేది. అడవి ఊళ్ళలో పెద్దవాళ్ళకు చదువు నేర్పేవాళ్ళు, జ్వరాల మందులు పంచేవాళ్ళు. దాన్ని నడిపే భాస్కర్ తన చెల్లెలి పెళ్ళి పత్రికలు మా దగ్గరే వేయించాడు. కొన్ని నెలలకు జ్వరం మందుల కరపత్రం పట్టుకుని మళ్ళీ వచ్చాడు.

"అవే అక్షరాలు పెట్టండి మేడం. పేదోళ్ళకు ఎప్పుడూ నాసిరకమేనా? వాళ్ళకూ మంచిది ఇద్దాం."

మనసు మంచిదే. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, అదే నా బాధ. ఒక్కడైనా ఉంటే తప్పు వాడి మీదికి తోసేదాన్ని.

మా ప్రెస్సులో ప్రూఫు చూసే పద్ధతి చెబుతాను. ట్యూబులైటు కింద, తెల్లటి కాగితం మీద, లేజరు ప్రింటు తీసి, గీసిన మనిషే చూసుకుంటుంది. ముప్పై ఏళ్ళు రాత్రింబవళ్ళు అక్షరాలతో కాపురం చేసిన నా కళ్ళకు అది నీళ్ళు తాగినంత తేలిక. కరపత్రాలు అచ్చయింది మాత్రం చవకరకం పసుపు కాగితం మీద, ఆకుపచ్చ సిరాతో. సన్నటి గీతలు అక్కడక్కడా తెగాయి. చూశాను. మొత్తం మీద బాగానే ఉంది అనుకున్నాను.

కట్టలు ఇచ్చి, ఏడాది ఆర్డరు మాట్లాడి రమ్మని శేషగిరిరావు గారు నన్నే పంపారు. బస్సులో భద్రాచలం, అక్కడినుంచి భాస్కర్ జీపులో పర్ణశాల దాటి అడవి అంచున ఒక ఊరు. బడి వరండాలో చాపలు పరిచారు. పదిహేనుమంది దాకా ఆడవాళ్ళు వచ్చారు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది కోయ, మాతో తెలుగు.

ఆ రోజు ఒక ముఖ్యమైన పని ఉంది. ఊళ్ళో మందుల పెట్టె పెడుతున్నారు. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చాలి. కరపత్రం తప్పులేకుండా చదివి, ఎవరికి ఎన్ని మాత్రలో చెప్పగలిగినవాళ్ళకు తాళంచెవి. అందరూ ముత్తమ్మ పేరే చెప్పారు. నలభై దాటిన మనిషి. తునికాకు కోసి వచ్చిన మధ్యాహ్నాల్లో రెండేళ్ళు కూర్చుని చదువు నేర్చుకుంది. చదువు వచ్చాక ఆమెకు అదొక పిచ్చి అయిందని పక్కామె నాతో చెప్పింది. రోడ్డు మీదికి పోతే బస్సు బోర్డులన్నీ పైకి చదువుతుందట, సబ్బు కాగితం కూడా పారేయనివ్వదట. ఊళ్ళో ఎవరి ఇంట్లో జ్వరం వచ్చినా రాత్రంతా కూర్చునేది ఆమే. ఆమెకు పోటీ సర్పంచి మేనల్లుడు. టెన్త్ చదివాడు, ఊళ్ళో ఎక్కువ ఉండడు.

భాస్కర్ ముందు నన్ను పరిచయం చేశాడు. "ఈ ముద్దొచ్చే అక్షరాలు గీసింది ఈ మేడమే." అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచి నమస్కారం పెట్టాను. తర్వాత కరపత్రం ముత్తమ్మ చేతికి ఇచ్చాడు.

ఆమె కాగితాన్ని మోకాలి మీద పెట్టి, నేర్పినట్టే అక్షరం కింద వేలు పెట్టి మొదలుపెట్టింది. "జ్వరం వచ్చిన వెంటనే" అనేది మొదటి వాక్యం. జ కింద ఒత్తు అంచుకు జరిగిపోయి సగం చెరిగి ఉంది. దాన్ని ఎట్లాగో దాటింది. "వచ్చిన" దగ్గర వేలు ఆగింది. చ కింద ఉండవలసిన ఒత్తు వ కింద ఉంది. వేలు వెనక్కి పోయింది, ముందుకు వచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది.

"ఈ ఒత్తు ఎవరిది సారూ?"

అందరూ నవ్వారు. భాస్కర్ కూడా నవ్వి, "చదువు ముత్తమ్మా, ఎవరిదైతేంది," అన్నాడు. ఆమె ఇంకో రెండు మాటలు ప్రయత్నించింది. చెమట పట్టింది. చివరకు కాగితాన్ని మడిచి చాప మీద పెట్టింది.

"నాకు రాదు సారూ. వచ్చిందనుకున్న."

మేనల్లుడు లేచి గడగడా చదివేశాడు. టెన్త్ దాకా చదివినవాడు అక్షరాలు చదవడు, మాటలు ఊహిస్తాడు. జ్వరం తర్వాత "వచ్చిన" తప్ప ఏం వస్తుంది? అక్షరం మీదే ఆధారపడినవాళ్ళు కొత్తగా నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళకు నేను ఇచ్చిన ఆధారం అదీ. తాళంచెవి వాడి జేబులోకి పోయింది.

ఆ ఒత్తు ఎవరిదో ఆ వరండాలో నాకు ఒక్కదానికే తెలుసు. తప్పు నాది అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అప్పుడే చప్పట్లు కొట్టించుకుని ఉన్నాను. సంచిలో ఏడాది ఆర్డరు కాగితం ఉంది. సంచిని ఒడిలోకి లాక్కున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో భాస్కర్, "ప్చ్. రెండేండ్లు నేర్పినం మేడం. వయసు పైబడ్డంక ఎక్కదు," అన్నాడు. నేను "అవును" అన్నాను. నా పనిలో చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు ఏదంటే, ఒత్తు ఎడమకు జరపడం కాదు, ఆ "అవును". సిగ్గుతో చచ్చిపోవాల్సింది. భద్రాచలంలో టీ తాగి బస్సెక్కాను.

లావు అక్షరాలు

ఖమ్మం వచ్చాక పని సాగలేదు. స్క్రీను మీద ఏ ఒత్తు చూసినా ఆమె వేలు కనబడేది. చివరకు మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చుని కొత్త అక్షరాలు గీయడం మొదలుపెట్టాను. నిటారుగా, లావుగా, పెద్దగా, ప్రతి ఒత్తు తన అక్షరం కింద సరిగ్గా నిలబడి. మూడు వారాల్లో అయిపోయింది. అందానికి ఎనిమిది నెలలు, మంచితనానికి మూడు వారాలు.

శేషగిరిరావు గారు చూసి మొహం చిట్లించారు. "ఏంటమ్మా ఇది, కరెంటు ఆఫీసు నోటీసులాగా ఉంది."

"చదవొస్తది సార్."

"చదవడానికి ఏముందమ్మా, చూడబుద్ధి కావాలి గానీ."

భాస్కర్‌కు ఫోను చేసి తప్పు నా అక్షరాలదని చెప్పాను. అతను ఒప్పుకోలేదు. "మీది పెద్ద మనసు మేడం. ఆమె మీద జాలితో అంటున్నరు. మరి ఆ అబ్బాయి చదివిండు గదా?" మన పని చెడ్డదని మనమే చెబితే లోకం దాన్ని వినయం అనుకుంటుంది. ఇదొక కొత్త చిక్కు. ఇంకో మాట కూడా చెప్పాడు. మేనల్లుడు తాళంచెవితో సహా కొత్తగూడెం పనికి పోయాడట. పెట్టె తాళంతోనే ఉంది. ఇద్దరిని జ్వరంతో మంచం మీద రోడ్డు దాకా మోసుకుపోయారట. బతికి వచ్చారు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నేరుగా బస్సెక్కాను. ముత్తమ్మ ఇంటి ముందు చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది, చాప వేసింది. లావు అక్షరాల కాగితం తీస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మా. నాకు చదువు పోయింది."

"చదువు యాడికి పోతది ముత్తమ్మా?"

"ఏమో. బస్సు బోర్డు గూడ చూస్తలేను. నలుగుట్ల నవ్విన్రు."

"ఒక్క మాట చూడు. ఒక్కటే."

చాలాసేపు పిక్కలు తీసింది. తర్వాత చీర కొంగుకు చేతులు తుడుచుకుని, కాగితం వైపు ఓరగా చూసింది. ఓరగా చూస్తూనే "జ్వరం" అంది. తర్వాత "వచ్చిన". తర్వాత వేలు పెట్టింది. వాక్యం చివరిదాకా పోయి ఆగి, నా మొహం చూసింది.

"మరి ఆ దినం ఆ కాయితం ఎవరు రాసిన్రు?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వీలు దొరికింది. వాడుకోలేదు. "నేనే," అన్నాను.

ఆమె కోప్పడలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నీకు రాత ఎవరు నేర్పిన్రమ్మా? మా సారైతే ఒత్తు గట్ల పెడితే పలక మీద కొట్టేటోడు."

మంత్రులు, పత్రికలవాళ్ళు, విజయవాడ వాళ్ళు ఎవరూ నా అక్షరాల మీద ఇంత సూటిగా అభిప్రాయం చెప్పలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నేనే ఏడ్చాను, ఆమె మంచినీళ్ళు ఇచ్చింది.

సారుగారి పరీక్ష

"భాస్కర్ సారు నమ్మడు," అంది ముత్తమ్మ. నమ్మించాలి. చదువుకున్నవాడు ఊహతో చదువుతాడు కదా, ఊహ పనిచేయని మాట ఇస్తే? ముత్తమ్మ కోయలో ఒక వాక్యం చెప్పింది. నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ఒత్తులు దండిగా ఉన్నాయి. ఆమె నాతో ఒకటికి రెండుసార్లు చదివించి సరిచూసింది. అర్థం అడిగితే, "తర్వాత చెప్త తీయ్," అని పక్కామెతో కలిసి నవ్వింది.

ఖమ్మం పోయి ఆ వాక్యాన్ని రెండు కాగితాల మీద కొట్టాను, ఒకటి సన్నజాజిలో, ఒకటి లావు అక్షరాల్లో. రెండూ ఆ చవక పసుపు కాగితం మీదే, ఆకుపచ్చ సిరాతోనే. తర్వాతి మీటింగుకు భాస్కర్ జీపులోనే మళ్ళీ పోయాను.

అందరూ కూర్చున్నాక సన్నజాజి కాగితం భాస్కర్ చేతికి ఇచ్చాను. "ఇది చదవండి సార్. కోయ మాటలు. అర్థంతో పని లేదు, ఉన్నదున్నట్టు చదవాలె."

డిగ్రీ చదివిన మనిషి. మొదటి మాట సగంలో ఆగాడు. కాగితం దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు. అతని వేలు దానంతట అదే అక్షరం కిందికి వచ్చింది. వెనక్కి పోయింది, ముందుకు వచ్చింది. చివరకు తల ఎత్తకుండానే అడిగాడు.

"మేడం, ఈ ఒత్తు దేనికింద?"

ఎవరూ నవ్వలేదు. ముత్తమ్మ నా వైపు చూసింది, అంతే. నేను రెండో కాగితం ఇచ్చాను. దాన్ని నెమ్మదిగానే అయినా, మొదటినుంచి చివరిదాకా, ఒక్క తప్పు లేకుండా గట్టిగా చదివేశాడు. చదివి గెలిచినట్టు చూశాడు. ఆడవాళ్ళు చాపల మీద పడి పడి నవ్వుతున్నారు. ఒకామెకు దగ్గు వచ్చింది.

"ఏముంది ఇందుల?" అన్నాడు పాపం.

ముత్తమ్మ చెప్పింది. "'ఈ సారుకు చదువు రాదు, బువ్వ పెట్టి పంపుర్రి' అని రాసి ఉంది సారూ."

భాస్కర్ మొహం ఎర్రబడింది. మంచివాడు కాబట్టి కాసేపటికి తనూ నవ్వాడు. తర్వాత రెండు కాగితాలూ ఒడిలో పెట్టుకుని మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, ఆ రోజు చెప్పవలసిన మాట ఆలస్యంగా చెప్పాను. తప్పు ముత్తమ్మది కాదు, నాది, ఒత్తును అందం కోసం పక్కకు జరిపింది నేనే అని. కోయ రాని మనిషికి కోయ మాటలు ఇవ్వడం అన్యాయమైన పరీక్ష అని మీరు అనవచ్చు. అన్యాయమే. మొదటి పరీక్ష మాత్రం న్యాయమా?

ముత్తమ్మ లావు అక్షరాల కరపత్రం చదివింది. "చేయించుకోవాలి" దగ్గర కొంచెం తడబడి, మళ్ళీ మొదలుకు వచ్చి దాటింది. పెద్దవాళ్ళకు ఎన్ని మాత్రలు, పిల్లలకు ఎన్ని, కడుపుతో ఉన్నవాళ్ళను ఎందుకు నేరుగా దవాఖానాకు పంపాలి, అన్నీ చెప్పింది. తాళంచెవి కొత్తగూడెంలో ఉంది కాబట్టి తాళాన్ని రాయితో పగలగొట్టారు. కొత్త తాళం తెచ్చి వేశారు, దాని చెవిని ముత్తమ్మ తన మెడలోని నల్లపూసల తాడుకు కట్టుకుంది. మేము జీపు ఎక్కేటప్పటికి అప్పుడే ఎవరో జ్వరం అంటూ వచ్చారు, ఆమె మాకు వీడ్కోలు చెప్పడం మరిచిపోయింది.

భాస్కర్ అన్ని కరపత్రాలూ లావు అక్షరాల్లో మళ్ళీ వేయించాడు. శేషగిరిరావు గారు తిరిగి వచ్చిన పాత కట్టలను పొట్లాలకు ఇచ్చేశారు.

గోడకు తగిలించేది

మీకు చెప్పవలసింది ఇంతే. మీ అక్షరాన్ని గబగబా చదివేవాడికి చూపించకండి, వాడు మెచ్చుకుంటాడు. నెమ్మదిగా చదివేవాళ్ళ చేతికి ఇచ్చి, వాళ్ళ వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. సన్నటి అక్షరం, వాలిన అక్షరం పాపం కాదు. దానికి పెళ్ళిళ్ళు ఉన్నాయి, పండగలు ఉన్నాయి. మందుల దగ్గరికి, వరద నోటీసు దగ్గరికి రానివ్వకండి. వచ్చిందంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి, సర్దుకోలేనివాళ్ళే ప్రతిసారీ దొరుకుతారు.

లావు అక్షరాలకు ఎవరూ పేరు పెట్టలేదు. మా కంప్యూటర్లో అవి "కొత్త2" అనే పేరుతోనే ఉండిపోయాయి. ఇప్పటిదాకా ఒక్కరు కూడా "అవి మీరే గీసిన్రా" అని అడగలేదు.

ప్రైవేటు ప్రెస్సులో రిటైర్మెంటుకు వయసంటూ ఉండదు. కళ్ళు ఎప్పుడు ఆగితే అప్పుడే. నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. చివరి రోజున శేషగిరిరావు గారు చిన్న సభ పెట్టి, అద్దం బిగించిన సన్మాన పత్రం ఇచ్చారు. ముదురు ఎరుపు మీద బంగారు రంగు, సన్నజాజి అక్షరాలు. "రెండు ముక్కలు చదివి వినిపించమ్మా," అన్నారు.

దగ్గరికి పెట్టుకున్నాను, దూరం పెట్టుకున్నాను. వేలు పెట్టాను. నా పేరు ఎక్కడుందో కూడా దొరకలేదు. సభలో ఎవరో, "పాపం, కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్," అన్నారు. చప్పట్లు కొట్టారు. అట్లాగే ఊరుకుంటే గౌరవంగా గడిచిపోయేది. నోరు మూసుకోవడం నాకు కొత్త కాదు.

"నాకు చదవొస్తలేదు సార్," అన్నాను మైకులో. "ఏ ఒత్తు ఎవరిదో తెలుస్తలేదు."

శేషగిరిరావు గారు హాయిగా నవ్వారు. "అది చదవడానికి కాదమ్మా, గోడకు తగిలించుకోవడానికి."

దానికీ చప్పట్లు కొట్టారు. తగిలించాను. పక్కనే నా బీపీ మాత్రల పట్టిక ఉంది, ముత్తమ్మ చదివిన ఆ లావు అక్షరాల్లో. పొద్దున లేచి నేను చదువుకునేది దాన్నే.